బ్లాకులో మిగిలిన గోరంత

పెద్దకోడలు బ్లాకుల బీరువాకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది. కిందటివారం మనం ఆవిణ్ణి అక్కడే వదిలేసి ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. ఆవిడ మాత్రం అంగుళం కదల్లేదు. ఎదురుగా చిన్నకోడలు, చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. వీళ్ళిద్దరూ ఇంట్లో తోడికోడళ్ళు. ఆస్పత్రి ల్యాబులో పక్కపక్క బల్లల వాళ్ళు. ల్యాబు మొత్తానికీ వాళ్ళు పెద్దకోడలూ చిన్నకోడలూనే. రోగి ఒంట్లోంచి డాక్టర్లు కోసి పంపిన ముక్కని కరిగిన మైనంలో పడుకోబెట్టి అచ్చు పోసేది పెద్దకోడలు. ఆ అచ్చునే బ్లాకంటారు. బ్లాకుని యంత్రానికి బిగించి, ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోసి, ఆ పొరల్ని గోరువెచ్చని నీళ్ళతొట్టిలో తేల్చి, గాజు స్లైడు మీదికి ఎత్తేది చిన్నకోడలు. ఆ పైన రంగులు, ఆ పైన డాక్టరమ్మ మైక్రోస్కోపు. "మా కోడళ్ళిద్దరూ ఏం చేస్తారంటే ముక్కలు కోస్తారు, చదువుకుని మరీ" అని అత్తగారు చుట్టాలకి చెప్పుకుంటుంది.

కూరగాయల మార్కెట్లో వేలం వేసే ఒకాయన నాలుక పక్కన చిన్న మచ్చ లేచింది. మచ్చని మొత్తంగా తీసి పంపారు. స్లైడులో ఆయన ముక్క పెద్దమనిషిలా బుద్ధిగానే ఉంది. దాని పక్కన మాత్రం చిటికెడు కేన్సర్ కూర్చుని ఉంది. రేపు పొద్దున ఆపరేషన్. సగం నాలుక తీసేస్తారు.

డాక్టరమ్మకే మొదట అనుమానం వచ్చింది. ముక్క తేటగా కనబడేలా మైక్రోస్కోపు తిప్పితే ఆ చిటికెడు మసకబారుతోంది, దాన్ని తేటపరిస్తే ముక్క మసకబారుతోంది. రెండూ ఒకే మట్టంలో లేవు. బ్లాకులో మిగిలిందంతా కోసి చూడమంది. ఆ చిటికెడు ఆయనదే అయితే కిందిపొరల్లోనూ ఆయన ముక్కని అంటిపెట్టుకుని కనబడుతుంది. విడిగా మైనంలో కనబడితే, అచ్చు పోసేటప్పుడు ముక్కని పట్టుకునే ఫోర్సెప్స్‌కి అంటుకుని ఇంకొకరిది వచ్చినట్టు. అసలు కనబడకపోతే, తొట్టిలో తేలుతున్న ఇంకొకరి ముక్క స్లైడెక్కినట్టు.

ఫోర్సెప్స్ పెద్దకోడలివి. తొట్టి చిన్నకోడలిది. ఇదీ గొడవ.

"బ్లాకు ఇవ్వక్కా," అంది చిన్నకోడలు.

"ఇవ్వను."

"మేడమ్ కొయ్యమన్నారు."

"కొయ్యమన్నారు. కోపంతో కొయ్యమన్లేదు."

"నాకేం కోపం?"

"నీ చెవులు చూసుకో, ఎర్రగా ఎలా ఉన్నాయో. మీ ఆయన మీద కేకలేసేటప్పుడు కూడా ఇలాగే అవుతాయి. పక్కగదిలో ఉంటాను, నాకు తెలీదా?"

చిన్నకోడలికి చెవులు ఇంకా వేడెక్కాయి. ఆమెకి ఈ విషయంలో అనుమానమే లేదు. తప్పు ఫోర్సెప్స్‌దే. కళ్ళజోడు మార్చుకో అక్కా అని ఎన్నిసార్లు చెప్పినా, నా కళ్ళకేం, వజ్రాల్లా ఉన్నాయి అంటుందే తప్ప వినదు. ఒక బ్లాకుకీ ఇంకో బ్లాకుకీ మధ్య ఫోర్సెప్స్ తుడవడం ఎక్కడో మరిచిపోయి ఉంటుంది. ఇప్పుడు బీరువాకి అడ్డంగా నిలబడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"నీది తప్పని తేలుతుందని భయపడుతున్నావు," అనేసింది.

పెద్దకోడలు చేతులు విప్పి, మళ్ళీ కట్టుకుంది.

"భయమే. లేదని ఎందుకనాలి? ఇన్నేళ్ళ పనిలో ఒకళ్ళ ముక్క ఇంకొకళ్ళ మైనంలో కలిపానంటే నేను రేపణ్ణించి ఆ కుర్చీలో కూర్చోలేను. కానీ అందుకు కాదు ఇవ్వనంటోంది. ఆ బ్లాకులో మిగిలింది గోరంత. యంత్రానికి మళ్ళీ బిగించినప్పుడు వెంట్రుకవాసి వంపు తేడా వచ్చిందనుకో, ఆ వంపు సరయ్యేలోపే గోరంతా ఊడ్చుకుపోతుంది. ఇంకో ముక్క తెప్పిద్దామంటే మచ్చే లేదు, అంతా దీంట్లోనే వచ్చేసింది. నువ్వేమో దాంట్లో ఏముందో చూడ్డానికి కొయ్యట్లేదు. నా తప్పు చూపించడానికి కోస్తున్నావు. ఆ చేతికి ఇవ్వను."

చిన్నకోడలు నోరు తెరిచింది. ఈలోగా కౌంటరు కిటికీ దగ్గర ఎవరో అద్దం మీద వేలితో కొట్టారు.

"లోపల ఎవరైనా ఉన్నారామ్మా?"

ఆ గొంతు ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున్నించీ వరండా అంతా అదే గొంతు. మార్కెట్లో మైకు అక్కర్లేని గొంతు. నెరిసిన మీసం, మోచేతి మడతలో అంటించిన దూది, మొహం నిండా నవ్వు.

"రక్తం ఇచ్చేది పక్కగదండీ," అంది పెద్దకోడలు.

"ఇచ్చేశానమ్మా. ఊరికే మాట్లాడి పోదామని వచ్చా. రేపటినించి ఎంత మాట వస్తుందో ఎవరూ చెప్పట్లేదు. అందుకని ఇవాళ కనబడినవాళ్ళందరితోనూ మాట్లాడేస్తున్నా. బయటున్న విరిగిన కుర్చీని కూడా వేలం వేశా. మీ వాచ్‌మన్ పాడుకున్నాడు."

చిన్నకోడలికి నవ్వొచ్చింది. నవ్వినందుకు బాధా వేసింది.

"మా ఆవిడ పెళ్ళయినప్పణ్ణించీ నోరు తగ్గించుకోమంటూనే ఉంది," అన్నాడాయన. "సగం తగ్గించేస్తున్నారుగా, ఇంకేం గొడవ ఉంటుంది అన్నా. ఏడుస్తోంది. ఆడవాళ్ళకి ఎలా చెప్పినా కష్టమే." కాసేపు కిటికీ చట్రం మీద వేళ్ళు ఆడించాడు. "ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. నా ముక్క మీ చేతుల్లోంచేగా వెళ్ళింది. సరిగ్గానే చూశారుగదమ్మా?"

ఇంట్లో ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకునే తోడికోడళ్ళు, ఎవరైనా ముందు మాట్లాడితే బావుండునని ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇంకా చూస్తున్నాం బాబాయ్ గారూ," అంది చివరికి పెద్దకోడలు. "మీరు సాయంత్రందాకా ఇక్కణ్ణించి కదలకండి."

"కదిలి ఎక్కడికి పోతా? ఇంకా ఆ బెంచీ అమ్మాలి," అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

పెద్దకోడలు బీరువా ముందునించి పక్కకి జరిగింది. తలుపు తీసి రెండు బ్లాకులు బయటపెట్టింది. ఒకటి జేబులో వేసుకుని, రెండోది చిన్నకోడలి చేతిలో పెట్టింది.

"ఇది పారేసేవాటిలోది. ముందు దీన్ని కోసి చూపించు."

"నన్ను పరీక్షిస్తావా? నేనేమన్నా నిన్న చేరినదాన్నా?"

"కొయ్యి."

చిన్నకోడలు విసురుగా కూర్చుంది. బ్లాకు బిగించి చక్రం తిప్పింది. ఆమె కోస్తే పొరకి పొర అతుక్కుని రిబ్బనులా జారుతుందని డాక్టరమ్మ కొత్తవాళ్ళని తీసుకొచ్చి చూపించేది. ఇప్పుడొచ్చిన మొదటి పొర ముడుచుకుపోయింది. రెండోది చుట్ట చుట్టుకుంది. మూడోది నిలువునా చీలింది. ఆమె చక్రం ఇంకా గట్టిగా తిప్పింది. బ్లేడు కింద మైనపు పొట్టు రాలింది తప్ప ఒక్క పొరా నిలవలేదు.

పెద్దకోడలు ఏమీ అనలేదు. ఏమన్నా అనుంటే బావుండేది, తిరిగి అనొచ్చు. చిన్నకోడలు ఆ పొట్టుని చూస్తూ కూర్చుంది. ఇది అసలు బ్లాకయ్యుంటే ఆయన ముక్క ఇప్పుడు ఈ పొట్టులో ఉండేది. అక్క చెప్పింది నిజమే. తాను ముక్కని చూడట్లేదు, అక్కని చూస్తోంది.

లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

"ఇంకోసారి కోస్తాను," అంది.

ఈసారి బ్లాకు మొహం మీద నోటితో వెచ్చగా ఊపిరి వదిలింది. చక్రం నెమ్మదిగా, ఒకే వేగంతో తిప్పింది. పొర మీద పొర, పొర మీద పొర, రిబ్బను జారుతూ వచ్చి బ్లేడు అంచున వేలాడింది. పెద్దకోడలు జేబులోంచి బ్లాకు తీసి ఇచ్చింది.

తరవాత ఇద్దరికీ మాట్లాడుకోవడానికి తీరిక లేదు. బ్లాకుని మంచుపలక మీద పెట్టి గట్టిపడనిచ్చారు. చిన్నకోడలు కొత్త బ్లేడు వేసింది. పెద్దకోడలు తొట్టిలో నీళ్ళు పారబోసి, తొట్టి తుడిచి, కొత్త నీళ్ళు పోసింది. బ్లాకు బిగించాక ఆవిడే వంగి, చెంప యంత్రానికి ఆనేంత దగ్గరగా మొహం పెట్టింది. బ్లేడుకీ బ్లాకుకీ మధ్యన సన్నటి వెలుగు గీత పడుతుంది. ఆ గీత ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒకే లావుంటే వంపు లేనట్టు.

"ఎడమవైపు స్క్రూ. ఇంకొంచెం. ఎక్కువైంది, వెనక్కి. చాలు."

"కనబడుతోందా నీకు?"

"దగ్గరివి కనబడతాయే. దూరంవే కనబడవు. కొయ్యి ఇంక."

చిన్నకోడలు ఊపిరి వదిలి, చక్రం మీద చెయ్యి వేసింది. మొదటి పొరలోనే ముక్క నిండుగా వచ్చింది. ఆమె కుంచెతో అందుకుంది. పెద్దకోడలు స్లైడు పట్టుకుని నీళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది. ఒకరు తేల్చడం, ఇంకొకరు ఎత్తడం. వచ్చిన ప్రతి పొరనీ వదలకుండా ఎత్తారు. ముక్క చిన్నదవుతూ చిన్నదవుతూ వచ్చి, ఆఖరికి వట్టి మైనం వచ్చింది. బ్లాకు అయిపోయింది. ఇంక ఈ మనిషి గురించి ఈ లోకంలో ఉన్న సాక్ష్యమంతా ఆ స్లైడుల మీదే ఉంది.

వేడిపెట్టెలో ఆరబెట్టి, మైనం కడిగి, రంగు గిన్నెల్లో ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి ముంచుతూ పెద్దకోడలు పని నడిపించింది. నీలం, కడుగు, గులాబీ, కడుగు. చిన్నకోడలు పక్కనే నిలబడి తన మనసు చూసి తానే సిగ్గుపడింది. ఆయన నాలుక దక్కాలని ఉంది. తప్పు మాత్రం అక్కదే కావాలని కూడా ఉంది. ఇంత జరిగినా ఆ రెండో కోరిక పోలేదు.

డాక్టరమ్మ స్లైడులన్నీ వరసగా చూసింది. చూసినవాటిని మళ్ళీ మొదట్నించీ చూసింది. ఆఖరికి ఆవిడ తలెత్తింది.

"లేదు. ఏ ఒక్కదాంట్లోనూ లేదు. ముక్క ఈ చివర్నించి ఆ చివరిదాకా శుభ్రంగా ఉంది. మైనంలోనూ ఏమీ లేదు."

చిన్నకోడలి గుండె తేలికయింది. ఆ తేలికతనం ఒక్క క్షణమే నిలిచింది. మైనంలో లేదంటే నీళ్ళ మీంచి వచ్చిందని. నీళ్ళు తనవి.

ఆయన బ్లాకు మొదటిసారి కోసిన రోజు పొద్దున ఇంట్లో వేణ్ణీళ్ళు ఎవరు ఖాళీ చేశారన్నదాని మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ల్యాబుకి వచ్చి కూర్చున్నాక కూడా అక్కకి చెప్పాల్సిన జవాబులన్నీ ఆమె మనసులోనే చెప్పుకుంటూ కోసింది. ఒక బ్లాకు అయ్యాక ఇంకోటి మొదలెట్టే ముందు, పాల మీద మీగడ తీసినట్టు, నీళ్ళ మీద టిష్యూ కాగితం ఈడ్చాలి. ఈడ్చిందా? ఎంత తవ్వుకున్నా ఆ కాగితం చేతిలో ఉన్నట్టు గుర్తు రావట్లేదు. మంచి జవాబొకటి దొరికి, దాన్ని ఇంకా పదును పెట్టుకుంటూ ఉండటం మాత్రం బాగా గుర్తుంది.

"నా తొట్టే మేడమ్," అంది. "నీళ్ళు తుడవలేదు. తప్పు నాది." తోడికోడలి వైపు తిరిగింది. "అక్కా, నిన్ను నానా మాటలూ అన్నాను."

"అన్నావు," అంది పెద్దకోడలు. "నాది కానందుకు నాకు కొంచెం సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. ఆ పంచాయితీ ఇంటి దగ్గర పెట్టుకుందాం. మేడమ్, ఇంక ఆపరేషన్ లేనట్టేగా?"

"ఆపమని చెప్తాను. వద్దని మాత్రం ఇప్పుడే చెప్పలేను," అంది డాక్టరమ్మ. "ఆయనదే ఓ చిటికెడు మొదటి పొరల్లోనే అయిపోయిందని సర్జన్ అంటే నేనేం చెప్పాలి? అది ఇంకొకళ్ళదని చూపిస్తే అప్పుడు గట్టిగా చెప్పొచ్చు."

ఆవిడ ఫోన్ అందుకుంటుంటే పెద్దకోడలు నెమ్మదిగా అడిగింది, "ఏమే, ఆవేళ దీని ముందు ఏది కోశావు?"

కోసిన వరసలోనే బ్లాకులు పెట్టెలో సర్దుంటాయి. చిన్నకోడలు పెట్టె తీసి, ఖాళీ గడికి ముందు గడిలోది పైకెత్తింది. చెంప లోపలి ముక్క. దాని స్లైడు కూడా దొరికింది. రిపోర్టు ఎప్పుడో వెళ్ళిపోయింది. ప్రమాదమేమీ లేదు అని రాసుంది.

డాక్టరమ్మ ఆ స్లైడు మళ్ళీ చూసింది. నిజంగానే దాని మీద ఏమీ లేదు.

"ఆ చిటికెడు దీని అంచునించి విడిపోయి నీళ్ళలో ఉండిపోయిందనుకో, ఈ స్లైడు మీద నాకెలా కనబడుతుంది," అంది. స్లైడు తీసి బల్ల మీద పెట్టింది. "కనబడదు. కానీ పైపొరలొక్కటే చూసి సంతకం పెట్టింది నేను. ఇంకా లోపలికి కొయ్యమని అడగాల్సింది కూడా నేనే. కొయ్యండి."

ఈసారి పెద్దకోడలు పరీక్షలేం పెట్టలేదు. బ్లాకుని నేరుగా చిన్నకోడలి చేతిలో పెట్టింది. దీంట్లో ముక్క చాలానే ఉంది, లోపలికంటా కోశారు. ఒక్కో స్లైడుకీ మధ్య చిన్నకోడలు నీళ్ళ మీద కాగితం ఈడ్చింది. ఈడ్చిన కాగితాన్ని ప్రతిసారీ వెలుగుకి పట్టి చూసింది.

మళ్ళీ వేడిపెట్టె, మళ్ళీ రంగులు. ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు దగ్గర డాక్టరమ్మ కూర్చుని, చిన్నకోడల్ని ఎదురుగా కూర్చోమంది.

"ఇదిగో, అంచున చూడు. గుండ్రంగా, గులాబీ రంగు పూసల్లా ఉన్నాయి. ఇప్పుడు నాలుకాయన పాత స్లైడు పెడుతున్నా. అక్కడి చిటికెడు చూడు."

అవే పూసలు. అదే గులాబీ. చిన్నకోడలికి డాక్టరు చదువు లేకపోయినా ఆ రెండూ ఒకటేనని చెప్పడానికి చదువు అక్కర్లేకపోయింది.

డాక్టరమ్మ సర్జన్‌కి ఫోన్ చేసి, ఆపడం కాదు, రద్దు చెయ్యమంది. సర్జన్ ఏదో అడుగుతుంటే, "స్లైడులన్నీ నేనే పట్టుకొస్తా, మీ కళ్ళతో మీరు చూడండి" అంది. పెద్దకోడలు వరండాలోకి వెళ్ళింది. బెంచీ పాట జోరుగా సాగుతోంది. ఆవిడ ఏం చెప్పిందో లోపలికి వినపడలేదు. పొద్దున్నించీ ఆగని గొంతు మాత్రం ఆగిపోయింది. చాలాసేపు ఆగిపోయింది. ఆ తరవాత ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు, వెంటనే, "మా ఆవిణ్ణి పిలవండర్రా, ఎక్కడికి పోయింది? ఇంకో సగం కూడా ఉంచేస్తున్నారంట" అన్న కేక.

చిన్నకోడలు ఆ కేక విని కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని చెంప ముక్క తాలూకు కాగితం చేతిలోకి తీసుకుంది. వృత్తి అన్నచోట లారీ డ్రైవరు అని ఉంది.

చూడగానే మనిషి కళ్ళముందు కనబడ్డాడు. కుర్రవాడే. రిపోర్టు కవరు కిటికీలోంచి ఇచ్చింది తనే. అక్కడే చించి చదువుకుని, అర్థంకాక, "ఏముందమ్మా?" అని అడిగితే, "ఏమీ లేదు, హాయిగా వెళ్ళు" అని తనే చెప్పింది. అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఇంట్లో చూపించాలి, వాళ్ళు నిద్రపోక చాలా రోజులైంది అన్నాడు.

పెద్దకోడలు లోపలికి వచ్చి ఆమె మొహం చూసి, పక్కన నిలబడింది.

డాక్టరమ్మ కాగితం మీదున్న నంబరుకి చేసింది. స్విచ్ఛాఫ్. మళ్ళీ చేసింది. అదే. కింద లారీల కంపెనీ ఆఫీసు నంబరుంది.

"ఇలా ఇవ్వండి మేడమ్," అంది చిన్నకోడలు. "ఏమీ లేదని అతనికి చెప్పింది నేను. ఉందని చెప్పాల్సిందీ నేనే."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి ఫోన్ ఆమెకి ఇచ్చింది. అవతల గుమాస్తా ఎవరో ఎత్తాడు. వెనక ఇంజన్ల రొద. చిన్నకోడలు కాగితం మీది పేరు చదివి అడిగింది.

"అతనా? సరుకెత్తేశాడండీ. దూరం ట్రిప్పు, వచ్చే నెలకి గానీ తిరిగి రాడు. ఇదిగో ఇప్పుడే గేటు దగ్గరికి పోనిస్తున్నాడు. దారిలో ఫోన్ ఎత్తడు మహానుభావుడు."

"ఆపండి," అంది చిన్నకోడలు.

"ఎలా ఆపనండీ? సరుకు టైముకి చేరాలి. ఇంతకీ ఎవరు మీరు? ఏమని చెప్పమంటారు?"

ఇంజన్ల మధ్యలో ఒక హారన్ మోగింది. చిన్నకోడలు తోడికోడలి వైపు చూసింది. పెద్దకోడలు అప్పటికే కోటు విప్పి కుర్చీ మీద పడేసి, ఇద్దరి చేతిసంచులూ భుజాన వేసుకుని ఉంది.

"ఆస్పత్రి ల్యాబు నించి అని చెప్పండి," అంది చిన్నకోడలు. గొంతు తను అనుకున్నదానికన్నా స్థిమితంగా వచ్చింది. "జేబులో ఉన్న కాగితం తప్పని చెప్పండి. ఇంజను ఆపి, కిందికి దిగి నిలబడమనండి. మేం వస్తున్నాం."

అవతల గుమాస్తా ఫోన్ బల్ల మీద పెట్టి పరిగెత్తిన చప్పుడు వినపడింది. అతని అరుపు వినపడింది. ఆ వెనకే బరువైన లారీ ఒకటి గేరు మార్చుకుని వేగం అందుకోవడం కూడా వినపడింది.